రికీ మార్టిన్‌కి 26 ఏళ్ల తర్వాత దొరికిన విశేషణం

2025 సెప్టెంబరు 8, సోమవారం పొద్దున. ఇడ్లీ రేకులకి నెయ్యి రాస్తుంటే న్యూజెర్సీ నుంచి అక్క కూతురు వీడియో కాల్ చేసింది. వాళ్లకి ఇంకా ఆదివారం రాత్రే. "పిన్నీ, నీ హీరో వచ్చాడు, చూడు చూడు" అంటూ ఫోను టీవీ వైపు తిప్పింది. ఎంటీవీ వీడియో మ్యూజిక్ అవార్డ్స్ (వీఎంఏ) లైవ్ నడుస్తోంది. స్టేజీ మీద పాప్ గాయకుడు రికీ మార్టిన్, పాత హిట్లన్నీ కలిపి దంచుతున్నాడు. మనిషికి 53 ఏళ్లు వచ్చాయి కానీ నడుముకి ఇంకా 27 దాటలేదు.

"ఏం అవార్డు ఇచ్చారే ఆయనకి?"

"లాటిన్ ఐకాన్. ఈ ఏడాదే పెట్టారు. ఫస్ట్ ఈయనకే."

సంతోషించాను, ఓ ఐదు నిమిషాలు. రెండో వాయి దించేసరికి ఎక్కడో గుచ్చుకోవడం మొదలైంది. ఇదే అవార్డుల్లో 1999లో ఇతనికి బెస్ట్ పాప్ వీడియో, బెస్ట్ డాన్స్ వీడియో రెండూ వచ్చాయి. 'లివిన్ లా వీదా లోకా' పాటకి. న్యూయార్కులో మెట్రొపాలిటన్ ఒపేరా హౌస్‌లో జరిగింది ఆ ఏడు. మాది తెనాలి, కేబుల్ వాడు దయతలిస్తే ఎంటీవీ వచ్చేది. మా తమ్ముడు హాల్లో సోఫా మీద నించుని అతనిదే 'మరియా' పాటలో "ఉన్ దోస్ త్రేస్" అని గెంతుతుంటే నాన్న పేపరు దించి కళ్లజోడు పైనుంచి చూసేవారు. ఆ భాష స్పానిష్ అని కూడా మాకు తెలియదు. పాప్ అనే అనుకున్నాం. అవార్డులిచ్చినవాళ్లూ ఆ ఏడు పాప్ అనే ఇచ్చారు.

26 ఏళ్లు గడిచాక, అతని దారిలో ఇంతమంది నడిచి వచ్చాక, ఐకాన్ అనే మాటకి ముందు ఒక విశేషణం వచ్చి చేరింది. ఇది మర్యాదా, సర్దుబాటా? ఈ ప్రశ్నే నన్ను ఇన్నాళ్లూ పట్టుకుని ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లాటిన్, అంటే లాటిన్ అమెరికా వాళ్ల పాట, అని వేరే గడి గీయడం అవమానం కాదు. కానీ ఆ గడి ఉంది కదా అని మిగతా గళ్లలో వెతకడం మానేస్తారు చూడండి, నా గొడవంతా దానితోనే.

రీజనల్ అంటే ఏ రీజియన్?

నాకెందుకు ఇంత పట్టింపో చెప్పాలంటే మా ఆఫీసు సంగతి చెప్పాలి. గచ్చిబౌలిలో ఉంటుంది. ఏడెనిమిదేళ్ల కిందట యాన్యువల్ డేకి పాటల పోటీ పెట్టారు. ఫారంలో మూడు గళ్లు: హిందీ, వెస్టర్న్, రీజనల్. నేనూ మా టీమ్‌లో ఇంకో ముగ్గురూ రెండు వారాలు లంచ్ మానుకుని ఓ తెలుగు పాట సాధన చేశాం. ఫారం నింపేటప్పుడు ఏ గడిలో టిక్కు పెట్టాలో అందరికీ తెలుసు, కానీ మౌస్ మీద నా వేలు ఒక్క క్షణం ఆగింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను తెలుగు, కాంటీన్‌లో గోంగూర పప్పు తెలుగు, కిటికీలోంచి చూస్తే కనపడే బస్సు మీద బోర్డు తెలుగు. బిల్డింగు లోపలికొస్తే మాత్రం రీజనల్. హిందీకి మరి రీజియన్ లేదా అని అడగబోయి ఊరుకున్నాను.

ఆ గడిలో వచ్చినవి మొత్తం రెండే పాటలు. మాదొకటి, ఒక మలయాళం పాట. ఫస్ట్ ప్రైజు మాకే. మెమెంటో ఇస్తూ జడ్జిగారు "నైస్ సౌత్ సాంగ్" అన్నారు. ఆ మెమెంటో ఇప్పటికీ మా హాల్లో షెల్ఫులో ఉంది, 'బెస్ట్ రీజనల్' అని బంగారు రంగు అక్షరాలతో. పారేయలేదు. పండగలకి దుమ్ము దులుపుతాను కూడా. కాబట్టి ఇక్కడినుంచి నేను చెప్పేదంతా ఆ గుడ్డ చేతిలో పట్టుకునే చెబుతున్నానని గుర్తుంచుకోండి.

పంపలేదు కాబట్టి చూడలేదు

2017కి వద్దాం. 'డెస్పసీతో' అనే స్పానిష్ పాట వీడియో ఆ జనవరిలో వచ్చింది. పోర్టోరికోలో సాన్ హువాన్ కోటగోడ పక్కన, సముద్రం ఒడ్డున లా పెర్లా అనే వాడ ఉంది. రంగురంగుల ఇళ్లు, మెట్ల సందులు, అరుగుల మీద డొమినోలు ఆడుకునే ముసలాళ్లు. అక్కడ తీశారు. ఆగస్టు 4 నాటికి యూట్యూబులో ప్రపంచం మొత్తంలో ఎక్కువసార్లు చూసిన వీడియో అదే అయింది. అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో జస్టిన్ బీబర్ కలిసిన రీమిక్సు పుణ్యమా అని 16 వారాలు మొదటి స్థానం. మా అపార్టుమెంటు వాచ్‌మన్ కొడుకు రింగ్‌టోన్ కూడా అదే.

ఆ ఆగస్టు 27న వీఎంఏ జరిగింది. వీడియోలకిచ్చే అవార్డులు కదా, ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా చూసిన వీడియో అసలు కేటగిరీల్లో ఒక్కదాంట్లోనూ లేదు. గొడవయ్యాక ఎంటీవీ ఇచ్చిన వివరణ: రికార్డు కంపెనీ ఆ వీడియోని పరిశీలనకి పంపలేదు, పైగా అది మా ప్రధాన చానెల్లో రాలేదు, లాటినోల కోసం పెట్టిన ట్రేస్ చానెల్లో వచ్చింది. భోజనానికి పిలవలేదేం అంటే నువ్వు విస్తరి తెచ్చుకోలేదుగా అన్నట్టుంది. చివర్లో సాంగ్ ఆఫ్ సమ్మర్ అని ఓ ఓటింగు కేటగిరీలో చేర్చారు. అది కూడా రాలేదు.

నిజం చెప్పాలంటే రూలు రూలే. పంపనివాళ్లది కూడా తప్పే అనొచ్చు. కానీ ఆ వివరణని ఇంకోసారి చదవండి. వాళ్లకోసం వేరే చానెల్ పెట్టారు. పాటని ఆ చానెల్లో వేశారు. ఆ చానెల్లో వచ్చింది కాబట్టి మా లెక్కలోకి రాలేదన్నారు. మూడు మెట్లలో ఎక్కడా ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, అయినా పాట బయటే ఉండిపోయింది. ఇక కంపెనీ ఎందుకు పంపలేదంటే, నా ఊహ ఒకటే. ఆ గుమ్మం మనది కాదులే అని వాళ్లకి అలవాటైపోయి ఉంటుంది. మా ఆఫీసులో హిందీ గడిలో టిక్కు పెట్టాలని నాకు తోచనట్టే.

ఇంకో వింత. ఆ పాట పాడిన లూయిస్ ఫోన్సీ, డాడీ యాంకీ ఇద్దరూ పోర్టోరికోలో పుట్టినవాళ్లు. రికీ మార్టినూ అక్కడివాడే, ఇంకో గాయకుడు బాడ్ బన్నీ కూడా. పోర్టోరికో వాళ్లకి 1917 నుంచి అమెరికా పౌరసత్వం ఉంది. కెనడా నుంచి వచ్చిన బీబర్ అమెరికన్ టీవీకి సొంత మనిషి, అమెరికా పౌరుడైన ఫోన్సీ చుట్టం. ఇద్దరికీ మధ్య ఉన్నది భాష ఒక్కటే.

ఆ గడిలో ఎవరెవరు

మరుసటి ఏడాది, 2018లో, బెస్ట్ లాటిన్ కేటగిరీ వచ్చింది. 2010ల మొదట్లో లాటినో ఆర్టిస్టు పేరుతో ఒకటి ఉండి ఆగిపోయింది, దాన్నే మళ్లీ లేపారు. 'డెస్పసీతో' పరువు నష్టానికి పరిహారం అని నేననుకుంటాను, వాళ్లు అనరు. మొదటి విజేత 'మి హెంతే'. పాడినవాళ్లలో జె బాల్విన్ కొలంబియా, విల్లీ విలియం ఫ్రాన్సు. అదే రాత్రి అన్నిటికన్నా పెద్దదైన వీడియో ఆఫ్ ది ఇయర్ కమీలా కబేయోకి ఇచ్చారు. అమ్మాయి పుట్టింది క్యూబాలో, పాట పేరు 'హవానా', పాడింది దాదాపు అంతా ఇంగ్లీషులో. పెద్ద గదిలోకి రావాలంటే చెప్పులతో పాటు ఏం విప్పి రావాలో చెప్పకనే చెప్పినట్టయింది.

తర్వాత చూడండి. 2019లో జె బాల్విన్‌తో కలిసి రోసలియా గెలిచింది. ఆమెది బార్సిలోనా పక్కన. ఫ్లామెంకో అనే స్పెయిన్ సంప్రదాయ సంగీతం నేర్చుకుని వచ్చిన మనిషి. యూరప్ అమ్మాయి లాటిన్ ఎలా అయిందని లాటిన్ అమెరికా దేశాలవాళ్లే తగువు పెట్టుకున్నారు. ఆ రాత్రి ఆమె తనని స్పానిష్‌లో పాడనిచ్చినందుకు థాంక్స్ చెప్పింది. ఆ 'పాడనిచ్చినందుకు' దగ్గర నేను ఆగిపోయాను. 2021లో బిల్లీ ఐలిష్, రోసలియా కలిసి పాడిన పాట గెలిచింది. ఒకరు లాస్ ఏంజెలెస్, ఒకరు స్పెయిన్. అదే జాబితాలో కరోల్ జి, మలూమా, బాడ్ బన్నీ ఉన్నారు. 2022, 2023, 2024 వరసగా మూడేళ్లు అనిత్తా. ఆమెది బ్రెజిల్, ఇంటి భాష పోర్చుగీసు. మొదటి ఏడు గెలిచిన 'ఎన్వోల్వేర్' మాత్రం స్పానిష్‌లో పాడింది.

అంటే ఈ గడి దేశాన్ని బట్టి కాదు, స్పెయిన్ కూడా ఉంది కాబట్టి. ఇంటి భాషని బట్టీ కాదు. సంగీతాన్ని బట్టి అస్సలు కాదు. పోర్టోరికో రెగేటోన్, మెక్సికో కొరీదో, రియో గల్లీల ఫంక్, ఇవన్నీ ఒకే సంచిలో వేయడమంటే ఒగ్గు కథనీ, త్యాగరాజ కృతినీ, బ్యాండు మేళాన్నీ కలిపి 'బెస్ట్ తెలుగు శబ్దం' అనడమే. మరి ఈ గడికి కొలత ఏమిటి? జవాబు 2023 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డుల లైవ్‌లో దొరికింది. బాడ్ బన్నీ పాడుతూ ఉంటే టీవీలో కింద క్యాప్షన్లు వస్తున్నాయి. సాహిత్యం ఉండాల్సిన చోట 'ఇంగ్లీషు కాని భాషలో పాడుతున్నారు' అని ఒక్క ముక్క. అమెరికాలో ఇంగ్లీషు తర్వాత ఎక్కువమంది మాట్లాడే భాషకి ఆ చానెల్ దగ్గర పేరు లేకపోయింది. తర్వాత తప్పు ఒప్పుకున్నారు, సరే. కానీ లాటిన్ గడికి నేను విన్నవాటిలో నిజాయితీ ఉన్న నిర్వచనం అదే.

అక్క కూతురు ఒప్పుకోలేదు

ఇదంతా వాట్సాప్‌లో వాయిస్ మెసేజులుగా అక్క కూతురికి పంపాను. దానికి 19 ఏళ్లు. స్పానిష్ హైస్కూల్లో రెండేళ్లు చదివి మర్చిపోయింది, బాడ్ బన్నీ పాటలు మాత్రం ఒక్క అక్షరం పోకుండా పాడుతుంది. అది ఊరుకుంటుందా.

"పిన్నీ, కేటగిరీ లేకపోతే అనిత్తా ఆ స్టేజీ ఎక్కేదా? బెస్ట్ లాటిన్ గెలిచిన మొదటి బ్రెజిల్ మనిషి తను. గడి లేకపోతే ఎవరు చూసేవాళ్లు?" అంది. నిజమే. 1984లో మొదలైన ఈ అవార్డుల్లో స్టేజీ మీద స్పానిష్ పాట వినపడటానికి 2005 దాకా పట్టింది, అదీ మయామిలో జరిగిన ఏడు, షకీరా పాడితే. అన్నీ ఒకే గదిలో ఉన్న ఆ కాలం అంత గొప్పదేం కాదు. నేను మురిసిపోతున్న 1999 మాత్రం ఏమిటి? రికీ మార్టిన్ గెలిచిన పాట ఇంగ్లీషు పాట. పేరులో మాత్రం మూడు ముక్కలు స్పానిష్ మిగుల్చుకున్నాడు. విశేషణం లేకుండా పిలిచారని నేను చంకలు గుద్దుకున్నది అతను భాష మార్చుకున్న పాటకి. ఈ సంగతి నాకు తట్టనే లేదు, 19 ఏళ్ల పిల్ల చెబితే గానీ.

ఇంకా అంది: 2022లో ఆర్టిస్ట్ ఆఫ్ ది ఇయర్ ఎవరు? బాడ్ బన్నీ. ఇంగ్లీషులో పాడని మనిషికి అది రావడం మొదటిసారి. 2023లో కరోల్ జి, షకీరా కలిసి స్పానిష్‌లో పాడిన పాటకే బెస్ట్ కొలాబరేషన్ వచ్చింది. అదే రాత్రి షకీరాకి మొత్తం కృషికిచ్చే వాన్‌గార్డ్ అవార్డు ఇచ్చారు, ముందు లాటిన్ అని తగిలించలేదు. "గడి వాళ్లని ఆపిందా మరి?"

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. బాడ్ బన్నీని పైకి తెచ్చింది ఆ గడి కాదు. ఆ ఏడు అతని ఆల్బమ్ బిల్‌బోర్డ్‌లో 13 వారాలు మొదటి స్థానంలో ఉంది. అవార్డుల ఫంక్షను న్యూజెర్సీలో నెవార్క్‌లో జరుగుతుంటే అతను బ్రాంక్స్‌లో యాంకీ స్టేడియం నింపి పాడుతున్నాడు. ట్రోఫీయే అతని దగ్గరికి వెళ్లింది. స్టేడియం మధ్యలో అందుకుని స్పానిష్‌లోనే మాట్లాడాడు. అతను రాలేదు, వాళ్లే వెళ్లాల్సి వచ్చింది. గడికి అందులో పాత్ర ఎంత?

పైగా చాలా కేటగిరీల్లో ఓట్లు అభిమానులవి, నామినేషన్లు మాత్రం చానెల్ చేతిలో ఉంటాయి. జనం ఓటేయకుండా ఎవరూ ఆపలేదు, ఓటేసే కాగితం మీద పేరు ఉండాలి కదా. వీడియో ఆఫ్ ది ఇయర్ ఈ 2025 దాకా ఒక్కసారి కూడా స్పానిష్ పాటకి రాలేదు. 2019లో కేపాప్‌కి, అంటే కొరియా పాప్‌కి, వేరే గడి పెట్టిన ఏడు కూడా ఇదే తంతు. బీటీఎస్‌ని ఆ గడిలో పెట్టి వీడియో ఆఫ్ ది ఇయర్ జాబితాలో పెట్టకపోతే అభిమానులు గోల చేశారు. గడి వచ్చినప్పుడల్లా ఈ గోల వస్తోందంటే యాదృచ్ఛికం అనుకోను.

ఇక్కడ మన జాతీయ సినిమా అవార్డులు గుర్తొచ్చాయి. అక్కడ ఉత్తమ తెలుగు చిత్రం అని ఏటా ఒకటుంటుంది, దాంతో పాటు దేశం మొత్తానికి ఉత్తమ చిత్రం. ఏటా వచ్చే మొదటిదాన్ని మనం సంబరంగానే తీసుకుంటాం. రెండోది తెలుగుకి మొదటిసారి వచ్చింది 2015 సినిమాలకి, 'బాహుబలి'తో. అన్నేళ్లు రాకపోవడానికి తెలుగు చిత్రం అనే గడి కారణమా, మన సినిమాలు కారణమా అంటే నేను గట్టిగా ఏమీ చెప్పలేను. కనీసం అక్కడ హిందీకి కూడా ఉత్తమ హిందీ చిత్రం అనే గడి ఉంది. అందరికీ గళ్లు ఉంటే ఎవరికీ గుచ్చుకోదు. వీఎంఏలో 'బెస్ట్ ఇంగ్లీష్' అని ఒకటి పెట్టి చూడమనండి.

బాలీవుడ్ అనే మన గడి

2006లో షకీరా ఇదే అవార్డుల స్టేజీ మీద 'హిప్స్ డోంట్ లై'ని హిందీ సినిమా పాటలా చేసింది. స్టెప్పులు ఫరా ఖాన్ నేర్పింది. అప్పట్లో ఆ క్లిప్పుని నేను ఎంతమందికి ఫార్వర్డ్ చేశానో లెక్కలేదు. మనవాళ్లని పిలిచారు అనే ఆనందం. అక్కడ మనం అలంకారమే అని అప్పుడు తోచలేదు. లాటిన్ అనే సంచిలో ఇరుక్కున్న మనిషి మనల్ని బాలీవుడ్ అనే సంచిలోంచి తీసి కట్టుకుంది, అంతే. ఆమెని తప్పు పట్టడం లేదు, డాన్సు బ్రహ్మాండంగా చేసింది.

2023 జనవరిలో రాజమౌళి అమెరికాలో సినిమా వేసి చూపిస్తూ ఇది బాలీవుడ్ సినిమా కాదు, దక్షిణాదిలోని తెలుగు సినిమా అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ నెల 10న గోల్డెన్ గ్లోబ్స్. 'ఆర్ఆర్ఆర్' రెండు చోట్ల పోటీలో ఉంది. ఇంగ్లీషేతర చిత్రం గడిలో ఓడిపోయింది, అదీ అర్జెంటీనా సినిమా చేతిలో. గళ్లు లేని పాట విభాగంలో 'నాటు నాటు' గెలిచింది, టేలర్ స్విఫ్ట్, లేడీ గాగా, రిహానా పాటల మీద. కీరవాణి స్టేజీ ఎక్కుతుంటే మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. ఇంగ్లీషేతర గడిలో గెలిచుంటే ఏడ్చేదా? నాకనుమానమే. దీన్ని కూడా అక్క కూతురికి పంపాను. "దాని వెనక ఎంత ప్రచారం చేశారో తెలుసా పిన్నీ" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకుంది. తెలుసు.

ఈ డిసెంబరులో మా ఆఫీసు యాన్యువల్ డే కమిటీలో నన్ను వేశారు. పాటల పోటీ ఫారం నా దగ్గరికే వచ్చింది, పాత ఫైలే, పాత గళ్లే. ఇంతకాలం కాచుకున్న అవకాశం. రీజనల్ కొట్టేసి 'తెలుగు' అని రాశాను. హిందీ, తెలుగు, ఇంగ్లీష్. మెయిల్ పంపి కుర్చీలో వెనక్కి వాలి టీ తాగాను.

మధ్యాహ్నం మా ఫ్లోర్‌లోనే కూర్చునే ఒడియా కుర్రాడు వచ్చాడు. కొత్తగా చేరాడు, నెమ్మదస్తుడు. తెలుగు కూడబలుక్కుని మాట్లాడతాడు. "మేడమ్, నేను సంబల్‌పురి పాట పాడతా. ఇందులో ఎక్కడ పెట్టాలి? పోయినసారి రీజనల్ అని ఒకటి ఉండేదంట కదా."

ఏం చెప్పాలో తోచలేదు. 'అదర్స్' అని ఓ గడి పెడదామా అని నా నోట్లోంచి వచ్చేసింది కూడా. అతను తల ఊపాడు, ఓకే మేడమ్ అన్నాడు. ఆ ఓకే నాకు బాగా తెలిసిన ఓకే.

సాయంత్రం ఫారంలోంచి గళ్లన్నీ తీసేశాను. పాట పేరు, పాడేవాళ్ల పేర్లు, నిమిషాలు, అంతే. కమిటీలో ఒకాయన సణిగాడు, ప్రైజులు మూడు నుంచి ఒకటికి తగ్గుతాయని. మూడు ప్రైజులూ ఉంచి ఫస్ట్, సెకండ్, థర్డ్ అన్నాం. జడ్జీలు ముగ్గురిలో ఒక్కరికీ ఒడియా రాదు, సంబల్‌పురి సంగతి సరేసరి. ఆ కుర్రాడికి సెకండ్ వచ్చింది. మా తెలుగు టీముకి ఏమీ రాలేదు.